శుక్లము వెనుక చూపు

నందికొట్కూరు ప్రాంతపు పల్లెలలో అరుగుపై కూర్చున్న పెద్దలు, ఎండకు చేయి అడ్డము పెట్టుకొని, వచ్చినవారిని గొంతునుబట్టి పోల్చుకొనుట మనమెరిగినదే. కంటిపాప తెల్లబడినది, శుక్లము ముదిరినది. దానిని తీయవచ్చును. తీసిన పిమ్మట చూపు వచ్చునా? గొఱ్ఱెలమ్మి ప్రయాణమునకు సిద్ధపడిన కుటుంబమునకు కావలసినది ఈ ఒక్క సమాధానమే.

ప్రశ్న క్రొత్తది కాదు. శలాకతో శుక్లమును తొలగించు విధానము సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున కలదు. మొదటి శతాబ్దమున రోమునందు సెల్ససు, రోగికి ప్రక్కనుండి వెలుగు కొంతయైనను తోచుచున్నచో ఆశ కలదని వ్రాసెను.

మన జిల్లా 1953 వరకు మద్రాసు రాష్ట్రములోనిది. 1819లో మద్రాసున వెలసిన కంటి ఆసుపత్రికి అధికారిగా నుండిన ఇలియట్ దొర, ఊరూర తిరిగి సూదితో శుక్లమును లోనికి నెట్టు వైద్యుల పనిని పరిశీలించి, 1917లో లండనునందు ఉపన్యసించెను. నెట్టిన వెంటనే వ్రేళ్లు చూపి లెక్కింపుమనుట వారి పరీక్ష. కన్ను వాచి చెడునాటికి వైద్యుడు ఊరు దాటియుండును!

శస్త్రమునకు ముందు చేయవలసిన పరీక్షకు చీకటిగది, దీపము చాలును. ఒక కన్ను మూసి, రెండవదానికి పైనుండి, క్రిందినుండి, కుడియెడమలనుండి దీపము చూపి, వెలుగెటునుండి వచ్చుచున్నదని అడుగుదురు. శుక్లమెంత ముదిరినను, పలుచని పరదానుండివలె వెలుగు లోనికి పోవును. దిక్కు సరిగా చెప్పలేనిచో దోషము శుక్లమునకు వెనుకనున్నదని అనుమానింపవలెను. నీటికాసులు కావచ్చును, నేత్రపటలము ఊడియుండవచ్చును. అయితే దిక్కు సరిగా చెప్పినవానికిని పటలపు నడిమిభాగము చెడియుండవచ్చును. అట్టివానికి శస్త్రము తరువాత నడక సాగును గాని అక్షరము కనబడదు.

పందొమ్మిదవ శతాబ్దపు తొలిభాగమున పుర్కిన్యే అను చెక్ శాస్త్రజ్ఞుడు వర్ణించిన వింత ఇచట పనికివచ్చినది. మూసిన రెప్పపై చిన్న దీపమును కదల్చినచో, రోగికి తన కంటి రక్తనాళముల నీడలే ఆకురాలిన చెట్టుకొమ్మలవలె తోచును. ఆకురాలిన చెట్టెట్లుండునో మన సీమవారికి వేరుగ చెప్పనక్కరలేదు గదా! చదువురానివారును దీనికి బదులీయగలరు.

1851లో హెల్మ్‌హోల్ట్జ్ కనిపెట్టిన నేత్రదర్శిని ముదిరిన శుక్లము ముందు నిలిచిపోయెను. తరువాత వచ్చిన ధ్వనితరంగ పరీక్ష పటలము ఊడినదో లేదో చూపును, చూపెంతయో చెప్పదు. 1970 ప్రాంతమునుండి లేసరు కిరణములతో పటలముపై సన్నని చారలు వేసి, రోగిచేత గుర్తింపజేయు యంత్రములు వచ్చినవి. అవియు శుక్లమున ఎక్కడనో ఒక సందు ఉన్నప్పుడే బాగుగ పనిచేయును. పూర్తిగా తెల్లబడిన కంటికి వైద్యుడు మరల గది చీకటిచేసి, దీపము చేతబట్టి, వెలుగెటునుండి వచ్చుచున్నదని అడుగుచున్నాడు.