ప్లూటోను లిస్టు మార్చిన కథ



మన గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, ప్లూటోను తీసేశారు గదా, గుళ్ళో నవగ్రహాలు కూడా ఎనిమిదేనా?" చాలామందికి ఉన్న అనుమానమే ఇది. అందుకే ఈ పొడుగు రాత.

గుళ్ళో మనం చుట్టే తొమ్మిదిలో సూర్యుడు, చంద్రుడు, రాహువు, కేతువు ఉన్నారు. యురేనస్, నెప్ట్యూన్, ప్లూటో ఏనాడూ లేవు. ఆ తొమ్మిది వేరు, బడిపుస్తకంలో తొమ్మిది వేరు. నాది తమిళ మీడియం. తమిళంలో గ్రహాన్ని 'కోళ్' అంటారు. నేను తొమ్మిది కోళ్ళ పేర్లు వల్లిస్తుంటే, మా అవ్వ మన పెరట్లో అన్ని కోళ్ళు ఎక్కడివిరా అనేది.

లిస్టులోంచి దిగింది ప్లూటో ఒక్కటే కాదు. 1801 జనవరి 1న సిసిలీ దీవిలోని పలెర్మోలో పియాజీ అనే పాదిరి కుజుడికీ గురుడికీ మధ్య సీరిస్‌ను కనిపెట్టాడు. అప్పుడు దాన్ని గ్రహమనే అన్నారు. 1807కల్లా ఆ దారిలోనే పల్లాస్, జూనో, వెస్టా కూడా దొరికాయి. 1850ల నాటికి ఆ సంఖ్య పదుల్లోకి పోయింది. అన్నిటినీ గ్రహాలనలేక వాటికి వేరే లిస్టు పెట్టారు.

ఇక ప్లూటో. అమెరికాలో క్లైడ్ టాంబో అనే కాన్సస్ రైతుబిడ్డ, అప్పటికి కాలేజీ మెట్లెక్కనివాడు, అరిజోనాలోని లోవెల్ అబ్జర్వేటరీలో పనికి చేరాడు. ఆకాశంలో ఒకే చోటును కొన్ని రోజుల తేడాతో రెండుసార్లు ఫోటో తీయడం, ఆ రెండు ప్లేట్లనూ మిషన్లో పెట్టి మార్చి మార్చి చూడడం ఆయన పని. నక్షత్రాలు కదలవు, కదిలే చుక్క దొరకాలి. ఒక్కో ప్లేటులో లక్షల చుక్కలు. 1930 జనవరి 23, 29 తేదీల ప్లేట్లలో ఆ చుక్క ఫిబ్రవరి 18న కంటబడింది. ప్లూటో అనే పేరు సూచించింది ఇంగ్లండులో ఒక పదకొండేళ్ళ పాప.

మొదట అది భూమంత ఉంటుందనుకున్నారు. 1978లో జేమ్స్ క్రిస్టీ దాని చందమామ షారన్‌ను కనిపెట్టాడు. అది తిరిగే తీరును బట్టి ప్లూటో బరువు తేలింది: భూమిలో సుమారు 500వ వంతు. మన చంద్రుడికన్నా కూడా చిన్నది.

1992లో హవాయి నుంచి జ్యూయిట్, లూ ఇద్దరూ నెప్ట్యూన్ అవతల ఇంకొకటి పట్టారు. ఆ తర్వాత వందలు బయటపడ్డాయి. 2005లో మైక్ బ్రౌన్ బృందం ఎరిస్‌ను ప్రకటించింది. దాని బరువు ప్లూటోకన్నా ఎక్కువ. ప్లూటో గ్రహమైతే ఎరిస్ కూడా గ్రహమే కావాలి, తర్వాత దొరికేవి కూడా కావాలి.

2006 ఆగస్టు 24న ప్రాగ్‌లో అంతర్జాతీయ ఖగోళ సంఘం తీర్మానం చేసింది. గ్రహానికి మూడు షరతులు: సూర్యుడి చుట్టూ తిరగాలి, సొంత బరువుతో గుండ్రంగా అయ్యుండాలి, తన దారిలో మిగతా వస్తువులు లేకుండా తానే పెద్దగా ఉండాలి. మూడోది లేనివి మరుగుజ్జు గ్రహాలు. వేల సభ్యులున్న సంఘంలో ఓటేసినవాళ్ళు 424 మందే. మన జనరల్ బాడీ మీటింగులు చూసినవాళ్ళకు ఆ తర్వాత లేచిన గొడవ ఎట్లుంటుందో చెప్పనక్కరలేదు. దారిని బట్టి కాదు, వస్తువును బట్టి చూడాలని వాదించే శాస్త్రవేత్తలు నేటికీ ఉన్నారు.

అదే ఏడు జనవరిలో న్యూ హొరైజన్స్ నౌక ప్లూటోకు బయలుదేరింది. అప్పటికి అది గ్రహం. 2015 జూలై 14న చేరేసరికి మరుగుజ్జు గ్రహం. నౌకలో టాంబో అస్థికల బూడిద కొంచెం పెట్టారు. ఆయన 1997లో పోయాడు. నౌక చూసింది నత్రజని మంచు మైదానం, నీటి మంచు కొండలు. ప్లూటో అడ్డుకొలత 2,377 కిలోమీటర్లని తేలింది, అంటే ఎరిస్‌కన్నా కొంచెం పెద్దది.

రైల్వేలో నా సర్వీసులో పోస్టుల పేర్లు ఎన్నోసార్లు మారాయి. టేబులు, పని, మనిషి అవే. అయినా ఏ లిస్టులో పేరుందన్నది చిన్న విషయం కాదు. తరతరాలుగా ఇక్కడున్న మన తెలుగువాళ్ళకు అది తెలుసు.

పిల్లలు పరీక్షలో రాయాల్సింది: గ్రహాలు ఎనిమిది. గుర్తింపు పొందిన మరుగుజ్జు గ్రహాలు ఐదు: సీరిస్, ప్లూటో, హౌమియా, మకెమకె, ఎరిస్. సీరిస్ ఒక్కటే దగ్గరిది, మిగతా నాలుగూ నెప్ట్యూన్ అవతలివి. తమిళ పుస్తకంలో వీటిని 'కుఱుంగోళ్' అంటారు. ఇంట్లో పిల్లలకు రెండు మాటలూ చెప్పండి.