తెల్లకాగితానికీ ఒక చట్టం

రిజిస్ట్రారు ముఖం చూడని భూమి అమ్మకానికి రిజిస్ట్రీ అంత విలువ ఇచ్చే సెక్షన్ ఒకటి మన చట్టాల్లో ఉండేదంటే ఆశ్చర్యం, ఆనందం రెండూ కలుగుతాయి. దాని అవసరం స్టాంపు సుంకం వల్లే వచ్చింది. ఆ సుంకం 1624లో హాలండ్‌లో మొదలైంది. 1694లో ఇంగ్లండుకు, 1797లో బెంగాల్‌కు చేరింది. మన దగ్గర అది పడేది నేల మీద కాదు, రాత మీద. రాతకు వెల పెడితే పేదవాడు రిజిస్ట్రీనే వదిలేస్తాడన్నది నా వాదన. వికారాబాద్, తాండూరు పల్లెల్లో దానికి సాక్ష్యం సాదా బైనామా, అంటే తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకపు పత్రం. సర్వే నంబరు, నాలుగు దిక్కుల హద్దులు, ముట్టిన సొమ్ము, కింద సాక్షుల వేలిముద్రలు. అంతే, భూమి చేతులు మారింది.

1956 దాకా తాండూరు తాలూకా గుల్బర్గా జిల్లాలో ఉండేది. అయినా రెండు ఊళ్లకూ వర్తించింది హైదరాబాద్ రాష్ట్రపు 1950 నాటి కౌలుదారీ చట్టమే. దాని 47వ సెక్షన్ ప్రకారం సాగుభూమి అమ్మాలంటే రెవెన్యూ అధికారి ముందస్తు అనుమతి కావాలి. భూమి పేదల చేయి జారకూడదన్నది ఉద్దేశం, మంచిదే. కానీ అనుమతికో తిరుగుడు, స్టాంపులకో ఖర్చు. పెళ్లికో అప్పుకో అమ్ముకునేవాడు అంతకాలం ఆగలేడు. బేరాలు ఆగలేదు, కాగితాలే తెల్లబోయాయి. 1969లో శాసనసభ ఆ సెక్షన్‌ను తీసేసి, 50-బిని చేర్చింది. దాని ప్రకారం 1950 జూన్ 10 నుంచి జరిగిన అమ్మకాలను తహసీల్దారు విచారించి, కట్టాల్సిన స్టాంపు సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు అప్పుడు కట్టించుకుని సర్టిఫికెట్ ఇచ్చే వీలు కలిగింది. 1989లో పాసుపుస్తకాల చట్టంలోకి అదే పోలికతో 5-ఎ వచ్చింది. ఊళ్లలో 13-బి అని పిలిచేది దాని సర్టిఫికెట్‌నే. 2016లో తెలంగాణ ప్రభుత్వం ఇంకో అడుగు వేసి, 2014 జూన్ 2కు ముందటి బైనామాలకు అయిదెకరాల దాకా ఆ రుసుములనే మాఫీ చేసింది.

రిజిస్ట్రీకి వెళ్లకపోవడానికి సుంకం కాదు, చదువు లేకపోవడమే కారణమనేవారు ఉన్నారు. చదువు రానివారే సాక్షులను పిలిచి రాయించుకున్నారు కదా! రాత విలువ వాళ్లకు తెలుసు. సుంకం లేకుంటే ఖజానా ఏమవుతుందన్నది బరువైన ప్రశ్న. అందులో బదిలీ సుంకం స్థానిక సంస్థలకు చెందాల్సిన డబ్బు కూడా. కానీ 2021 జులైలో రిజిస్ట్రేషన్ మొత్తం భారం ఆరు నుంచి ఏడున్నర శాతానికి పెరిగింది. లక్షకు ఏడున్నర వేలు. వెంచర్ వేసేవాడికీ, ఎకరం కంది చేను కొనేవాడికీ ఒకటే లెక్క. ఇక 2020లో వచ్చిన కొత్త పాసుపుస్తకాల చట్టం సాదా బైనామాల ఊసే ఎత్తకపోవడంతో, వాటిని క్రమబద్ధం చేయాలన్న అర్జీలు కోర్టులో ఇరుక్కున్నాయి. ఆ తర్వాతి భూభారతి చట్టం మళ్లీ తలుపు తీయాల్సి వచ్చింది. ఈలోగా పోయింది సాక్షులే. వేలిముద్ర వేసినవాళ్లు చనిపోయాక, ఫలానా బావి హద్దు అని చెప్పే నోరు ఉండదు. ఎప్పుడో మాఫీ చేసే ఆ రుసుమును చిన్న రైతుకు కొన్న రోజే మాఫీ చేస్తే, సాక్షులు బతికుండగానే రిజిస్ట్రీ అయిపోతుంది.