అంతరిక్ష నౌకా యుద్ధ క్రీడలలో ఆయుధ పరిధి, మరుగు

బల్లపై ఆడే అంతరిక్ష నౌకా యుద్ధ క్రీడలలో ఒక నౌక ఎంత దూరం వరకు కాల్పులు జరపగలదో తెలిపేది ఆయుధ పరిధి. ప్రత్యర్థికి కనబడకుండా ఉండగల సామర్థ్యం మరుగు. నియమాల పుస్తకాలలో ఈ రెండూ వేర్వేరు అధ్యాయాలలో ఉన్నప్పటికీ, ఆటలో ఒకే లెక్కలోకి వస్తాయి. శత్రువును గుర్తించగల దూరాన్ని మించిన ఆయుధ పరిధి ఉన్నా దానివలన ప్రయోజనం లేదు.

తెలుగునాట సుపరిచితమైన పులిజూదంలో మూడు పులులు, పదిహేను మేకలు ఉంటాయి. పక్కనున్న మేక మీదుగా దూకి, దాని వెనుక ఖాళీ స్థానాన్ని చేరితేనే పులి దానిని చంపగలదు. ఇక్కడ పరిధి ఉన్నది గాని మరుగు లేదు. పటమంతా ఇద్దరికీ కనబడుతూనే ఉంటుంది. నౌకా యుద్ధ క్రీడలలోని చిక్కంతా ఈ రెండవ అంశం వచ్చి చేరడంతోనే మొదలవుతుంది.

నేపథ్యం

అంతరిక్ష నౌక అదృశ్యమయ్యే ఊహకు మూలం జలాంతర్గామి. 1966లో ప్రసారమైన స్టార్ ట్రెక్ ధారావాహికలోని "బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్" భాగం, 1957 నాటి జలాంతర్గామి చిత్రం "ది ఎనిమీ బిలో" ప్రేరణతో రూపొందింది. నీటి అడుగున దాగిన నౌకకు మరుగే కవచం. టార్పెడో వదిలితే తన జాడ తెలిసిపోతుంది. జలాంతర్గామి లోపల స్థలం ఎంత ఇరుకో, కిటికీ అన్నదే లేకుండా నావికులు ఎలా పనిచేసేవారో విశాఖపట్నం సముద్రతీరంలో 2002 నుండి ప్రదర్శనశాలగా ఉన్న ఐ.ఎన్.ఎస్. కురుసురలో చూడవచ్చు. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయినది కూడా ఆ నగర తీరానికి చేరువలోనే.

దూరంగా మారిన మరుగు

1979లో స్టీఫెన్ కోల్ రూపొందించిన "స్టార్ ఫ్లీట్ బ్యాటిల్స్" షడ్భుజి గళ్ళ పటం మీద ఆడే ఆట. ఒక్కొక్క గడి 10,000 కిలోమీటర్లకు సమానం. ఇందులో మరుగులోకి వెళ్ళిన నౌకను పటం నుండి తీసివేయరు. దానిపై కాల్పులు జరిపేవారు దూరానికి అదనంగా 5 గళ్ళు కలుపుకోవాలి. గురి కూడా తప్పిపోతే అసలు దూరం రెట్టింపవుతుంది. దూరం పెరిగేకొద్దీ ఆయుధాల దెబ్బ తగ్గుతుంది కనుక, మరుగు అనేది నౌకను పక్కకు జరపకుండానే దూరం జరిపినట్లవుతుంది. ఇది చాలా తెలివైన పరిష్కారం. దాగిన నౌక ఎక్కడున్నదో విడిగా కాగితం మీద రాసుకొనే తంటా ఉండదు.

2012లో వెలువడిన "ఎక్స్-వింగ్" ఆటలో దూరాన్ని మూడు భాగాల కొలబద్దతో కొలుస్తారు. మొదటి భాగంలో ఉంటే దాడి చేసేవారికి ఒక పాచిక అదనం. మూడవ భాగంలో ఉంటే కాచుకొనేవారికి ఒకటి అదనం. దీని తొలి కూర్పులో మరుగున ఉన్న టై ఫాంటమ్ నౌకకు చురుకుదనం 2 పెరుగుతుంది, కాని ఆ స్థితిలో అది కాల్చలేదు.

సమతూకం

కాల్చరాదనే ఈ నిషేధం లేకపోతే ఏమవుతుందో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. మొదటి నౌక ఆయుధ పరిధి 20 గళ్ళు, కాని మరుగున ఉన్న రెండవ నౌకను అది 8 గళ్ళ లోపలే గుర్తించగలదనుకుందాం. రెండవ నౌక ఆయుధ పరిధి 10 గళ్ళు. అప్పుడు రెండవది 9వ లేక 10వ గడిలో నిలిచి ఎదురుదెబ్బ లేకుండా కాల్చుతూనే ఉండవచ్చు. దాని పరిధి 6 గళ్ళే అయితే, కాల్చేలోగానే అది దొరికిపోతుంది. నాలుగు గళ్ళ తేడాతో ఆట తారుమారవుతుంది. అందువలన నియమకర్తలు మరుగుకు శక్తి ఖర్చు, మరుగు వీడడానికి కొంత వ్యవధి, కాల్పుల నిషేధం వంటివి విధిస్తారు.

భౌతిక శాస్త్రం

రాడార్ గుర్తించే దూరం, లక్ష్యం ప్రతిఫలించే వైశాల్యపు నాలుగవ మూలానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అనగా ఆ వైశాల్యాన్ని పదహారవ వంతుకు తగ్గిస్తే గాని గుర్తింపు దూరం సగం కాదు. ఇక అంతరిక్షంలో వేడిని దాచడం మరీ కష్టం. సుమారు 2.7 కెల్విన్ల నేపథ్యంలో మనుషులున్న వెచ్చని నౌక పరారుణ కాంతిలో స్పష్టంగా కనబడుతుంది. అధిక భాగం ఆటలు ఈ విషయాన్ని పట్టించుకోవు. పట్టించుకొంటే మరుగు అధ్యాయమే ఉండదు.