పుట్టింటికొచ్చే పక్షులు

వరంగల్లులో కాపురముండే ఇల్లాలికి ఒక ఉద్యోగం తప్పదు. ఏ చుట్టమొచ్చినా కోట చూపించాలి. ఇరవై ఏళ్లుగా నేనా ఉద్యోగం జీతం లేకుండా చేస్తున్నాను. నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు, వాటి నడుమ కూలిన స్వయంభూ దేవాలయం రాళ్లు, తోరణాల మీద రాతి హంసలు... నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

పోయిన కార్తీకంలో నెల్లూరు సీమ నుంచి మా పిన్ని వచ్చింది. తోరణం కింద నిలబడి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని హంసల్ని చూసింది.

"బాగుండాయి అమ్మాయ్! కానీ కదలవే! సంక్రాంతికి మా వైపు రా. కదిలేవి చూపిస్తా" అంది.

సరే అన్నాను. బయలుదేరే ముందు ఒక పని పురమాయించాను. మా పెరట్లో వేపచెట్టుంది. కిందటి ఎండాకాలం దానిమీద కాకులు గూళ్లు కట్టి, నన్ను ఒక్కరోజు కూడా స్థిమితంగా వడియాలు పెట్టుకోనివ్వలేదు. పండగ వెళ్లాక వచ్చి ఆ చెట్టు కొట్టెయ్యమని మనిషికి చెప్పి రైలెక్కాను. మావారు "పాపం కదా!" అన్నారు గానీ, వడియాలు పెట్టేది ఆయన కాదుగా!

చీరాల దాటుతుంటే మెలకువ వచ్చింది. ఆ దగ్గర్లోనే మోటుపల్లి. బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని కనుక ఊరుకోలేక చీకట్లోకి తొంగి చూశాను. మా ఓరుగల్లు గణపతిదేవుడు 1244లో అభయశాసనం వేయించింది అక్కడే. అంతకు ముందు, గాలివానకు దారితప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడ కనబడితే రాజులు అందులోని సరుకంతా లాగేసుకునేవారట. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చేవాళ్లకు ఇకమీదట ఆ భయం లేదనీ, సరుకు విలువలో ముప్పయ్యో వంతు సుంకం తప్ప మరేమీ ముట్టుకోమనీ గణపతిదేవుడు రాతి మీద రాయించాడు. సముద్రానికి అంత దూరాన ఉన్న మా ఊరి రాజు, ముఖం తెలియని పరదేశులకిచ్చిన మాట అది. ఆ మాట తలుచుకుంటూ మళ్లీ నిద్రపోయాను.

గూడూరులో దిగేసరికి పిన్ని కొడుకు కారుతో సిద్ధంగా ఉన్నాడు. నాయుడుపేట దాటి, సూళ్లూరుపేట ఇంకా రాకముందే, దొరవారిసత్రం దగ్గర రోడ్డు దిగి నేలపట్టుకు తీసుకుపోయాడు. చెరువు నీళ్లలో కడప చెట్లు నిలబడి ఉన్నాయి. వాటి మీద బట్టలారేసినట్టు తెల్లగా, బూడిదరంగుగా ఏమిటో! దగ్గరికెళితే అన్నీ గూడబాతులే. వాటి సందుల్లో నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, తెల్లకంకణాయిలు. కొమ్మ కొమ్మకూ సంసారమే. ఒక తల్లి నోరు తెరిచింది. పిల్ల తన ముక్కునూ తలనూ ఏకంగా ఆ గొంతు సంచిలోకి దూర్చేసి తిండి తింటోంది. మా చిన్నవాడు నా గరిటె చేతికిచ్చేదాకా ఆగకుండా గిన్నెలో చెయ్యి పెట్టేవాడు. వాడు గుర్తొచ్చి నవ్వుకున్నాను.

గట్టుమీద గడ్డి కోసుకుంటున్న ఒక ముసలమ్మను, "ఇన్ని పక్షులు! మీకేం ఇబ్బంది లేదా అమ్మా?" అని అడిగాను.

ఆమె కొడవలి ఆపి నావంక వింతగా చూసింది. "ఇబ్బందేందమ్మా? పురిటికి పుట్టింటికొచ్చే ఆడబిడ్డలు గదా! అవి రాని ఏడు వానలుండవు. వాటి రెట్ట కలిసిన నీళ్లు పారితే పైరుకు వేరే ఎరువెందుకు?" అంది.

ప్రేమా లెక్కా రెండూ ఉన్నాయి ఆ మాటలో. పుట్టింటివాళ్లకు రెండూ ఉంటాయి మరి!

పక్షులకు కూడా అభయశాసనం ఉంది. 1976లో ప్రభుత్వం ఈ నేలపట్టునూ, పక్కనున్న పులికాట్ సరస్సునూ పక్షుల రక్షితకేంద్రాలుగా ప్రకటించింది. రెండింటికీ ఎందుకంటే, గూడబాతులకు గూడు ఇక్కడైతే వంటిల్లు అక్కడ. పులికాట్‌కు ఎగిరిపోయి చేపలు పట్టి, పిల్లలకోసం తిరిగొస్తాయి. పురిటిగది ఉంచి వంటిల్లు మూసేస్తే ఏ పుట్టిల్లయినా పుట్టిల్లనిపించుకుంటుందా?

ఆ మధ్యాహ్నమే వంటిల్లు కూడా చూశాం. పాతకాలంలో తెలుగువాళ్లు ప్రళయకావేరి అన్నది ఈ సరస్సునే. మనదేశంలో ఉప్పునీటి సరస్సుల్లో చిలికా తర్వాత ఇదే పెద్దది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు నీళ్లమధ్యగా పోతుంది. రెండు పక్కలా రాజహంసలు. ఫ్లెమింగోలను ఇక్కడివాళ్లు అలాగే అంటారు. వంకర ముక్కు తలకిందులుగా నీళ్లలో ముంచి, బురదను వడకట్టి తింటున్నాయి. వీటి పురుళ్లు ఇక్కడ కాదు, దూరాన గుజరాత్‌లో కచ్ రణ్‌లో. ఇక్కడికి చుట్టపుచూపుగా వచ్చి పోతాయి. ఒక్కసారిగా గుంపు లేచేసరికి రెక్కల అడుగున దాచుకున్న ఎరుపంతా బయటపడింది. పిన్ని నా మోచెయ్యి పొడిచింది. "కదిలినయ్యా?" అంది.

ఆ రోడ్డు చివర శ్రీహరికోట. ఒక పక్క సరస్సు, ఇంకో పక్క బంగాళాఖాతం. అడవీ, యానాదుల గుడిసెలూ ఉండే ఆ దీవినుంచి ఒకప్పుడు మద్రాసుకు వంటచెరకు వెళ్లేది. 1971 నుంచి అక్కడ రాకెట్లు ఎగురుతున్నాయి. రాకెట్ల కాపలా కనుక మనబోటివాళ్లను ఊరికే లోపలికి పోనివ్వరు. గేటు ఇవతలే ఆగిపోయాం. మా తల మీదుగా పక్షులు మాత్రం ఏ చీటీ లేకుండా దాటిపోయాయి.

ఇదంతా చూసి మురిసిపోతుంటే నా మనసును ఒక సంగతి కలుక్కుమనిపించింది. 1946లో కె.కె. నీలకంఠన్ అనే కేరళ పక్షిశాస్త్రజ్ఞుడు కొల్లేటి సీమలో గూడబాతుల కొలువొకటి చూశాడు. దాదాపు మూడువేల పక్షులు. ముప్పయ్యేళ్లు తిరక్కుండా, 1975 ప్రాంతానికి, ఆ కొలువు ఆనవాలు లేకుండా పోయింది. అంటే ఇక్కడ శాసనం పుట్టేనాటికే అక్కడ పుట్టిల్లు ఖాళీ అయింది. పక్షి కోర్టుకెళ్లదు, అలిగి ఉత్తరం రాయదు. ఒక ఏడాది రాదు, అంతే.

1999లో కొల్లేటినీ అభయారణ్యం చేశారు. ఇప్పుడు ఆటపాకలో అటవీశాఖవారు నీళ్లలో మంచెలు కట్టి ఇస్తే గూడబాతులు వాటిమీద గూళ్లు పెట్టుకుంటున్నాయి. మనం కొట్టేసిన చెట్లకు బదులు మనమే మంచెలు కట్టిస్తున్నాం! సంతోషించాలో సిగ్గుపడాలో నాకు తెలియలేదు. పులికాట్‌కూ చిక్కులు లేకపోలేదు. సముద్రపు నీరొచ్చే ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోతే చేప తగ్గుతుంది. చేప తగ్గితే జాలరి ఇంటా, గూడబాతు గూటా ఒకేసారి పొయ్యి ఆరిపోతుంది.

గణపతిదేవుడు వేయించిన శాసనం రాయి మోటుపల్లిలో ఉంది. కానీ ఏ రాయీ తనంతట తాను ఓడను కాపాడలేదు. ఒడ్డున ఉన్నవాళ్లు సరుకు ముట్టుకోకుండా చేతులు కట్టుకుంటేనే అది అభయం. నేలపట్టు ముసలమ్మ ఏ శాసనమూ చదవలేదు. అయినా దాన్ని రోజూ నిలబెడుతోంది.

తిరిగి ఇంటికొచ్చిన మూడోనాడు పొద్దున్నే గొడ్డలి భుజాన వేసుకుని మనిషి వచ్చాడు. నేను వేపచెట్టు కింద నిలబడి పైకి చూశాను. కిందటేటి గూళ్లు ఖాళీగా ఉన్నాయి. ఖాళీవే కదా, కొట్టిస్తే ఎవరడుగుతారు? ఆ ఆలోచన వచ్చిన మాట నిజమే, మీ దగ్గర దాచడమెందుకు?

"వద్దులే, వెళ్లిరా" అన్నాను. రానుపోను ఖర్చు, కాఫీ ఇచ్చి పంపించాను.

మావారు పేపరు దించి, "మరి నీ వడియాలో?" అన్నారు.

"ముప్పయికి ఒకటి సుంకం కట్టుకుంటాను" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. కాకులు మాత్రం ముప్పయికి ఒకటితో సరిపెట్టుకుంటాయని నాకూ నమ్మకం లేదు.