గాలికి పోవుచున్న ఎరువు

పూర్వము మన ఇండ్లలో ఇత్తడి, రాగి పాత్రలకు కళాయి పూయించుట తరచుగ జరుగు పని. కళాయి పూయువాడు పాత్రను కొలిమిపై కాచి, తగరముతోపాటు నవాసాగరపు పొడిని చల్లి గుడ్డతో రుద్దినపుడు తెల్లని పొగ గుప్పున లేచెడిది. వేడి తగిలిన నవాసాగరము అమోనియా వాయువుగను, ఒక ఆమ్లవాయువుగను విడిపోవును; చల్లని గాలి సోకగనే ఆ రెండును మరల కలిసి సూక్ష్మమైన తెల్లని రేణువు లగును. ఇట్టి సంయోగమే నేడు మన తలలపై ఆకాశములో, కంటికి కనబడకుండ, జరుగుచున్నది.

అమోనియా మానవునకు కొత్తది కాదు. ఈజిప్టు పడమటి ఎడారిలోని అమ్మోను దేవుని ఆలయమునుబట్టి ఆ పేరు వచ్చినదందురు. ఆ దేశమున ఒంటెపేడ కాల్చిన మసినుండి నవాసాగరము తీసెడివారు. 1774లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు జోసెఫ్ ప్రీస్ట్లీ అమోనియాను వాయురూపమున వేరుచేసిన సంగతి గ్రంథములలో కలదు. మన పల్లెవాసులకు మాత్రము గ్రంథము లక్కరలేదు. తెల్లవారుజామున పశువుల కొట్టము తలుపు తీయగనే కండ్లను మండించు ఘాటు ఇదియే. పశుమూత్రములోని యూరియా సూక్ష్మజీవులవలన విడిపోయి అమోనియాగా మారి గాలిలో కలియును.

పైరునకు నత్రజని ప్రాణాధారము. గాలిలో నాల్గింట మూడు వంతులకు పైగా నత్రజనియే యైనను, మొక్క దానిని నేరుగా గ్రహింపజాలదు. పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలమున జర్మను రసాయనవేత్త లీబిగ్, వర్షముతో దిగివచ్చు అమోనియాయే పైరునకు చాలునని వాదించెను. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ క్షేత్రమున లాస్, గిల్బర్ట్ అనువారు 1850ల దశాబ్దమున వాననీటిని పట్టి కొలిపించి, అది చాలదని తేల్చిరి. వాన తెచ్చునది తక్కువ యని నాటి చింత. ఎక్కువ యని నేటి చింత. నడుమ జరిగినదేమి?

1909లో ఫ్రిట్జ్ హాబర్ గాలిలోని నత్రజనిని ఉదజనితో కలిపి అమోనియా చేయు విధానమును ప్రదర్శించెను. కార్ల్ బోష్ దానిని కర్మాగారపు స్థాయికి పెంచగా, 1913లో జర్మనీలోని ఒప్పావులో ఉత్పత్తి మొదలయ్యెను. మన దేశమున సింద్రీ కర్మాగారము 1951లో పని ప్రారంభించెను. తెలంగాణమున రామగుండములో బొగ్గు ఆధారముగ నెలకొల్పిన ఎరువుల కర్మాగారము 1980లో ఉత్పత్తికి వచ్చి, 1999లో మూతపడెను. అచ్చటనే సహజవాయువుతో నడుచు కొత్త కర్మాగారము 2021లో ఉత్పత్తి ప్రారంభించినది. దాని సామర్థ్యము ఏటా 12.7 లక్షల టన్నుల యూరియా. ఇట్టి కర్మాగారములు లేనిచో నేటి జనసంఖ్యకు అన్నము చాలదనుట సత్యము.

అయితే సంచి పొలమునకు చేరిన పిదప ఏమగుచున్నది? సిద్దిపేట జిల్లా మద్దూరు వంటి మెట్టసీమలో చెరువుల క్రిందను, బావుల క్రిందను వరి పండించు రైతు కొను 45 కిలోల యూరియా సంచిలో నత్రజని సుమారు 20.7 కిలోలు. మడిలో నిలిచిన నీటిపై దానిని చల్లినపుడు అది కొలది దినములలో అమోనియాగా మారును. నీటిలోని పాచి పగటివేళ బొగ్గుపులుసు వాయువును పీల్చుకొనుటచే నీటికి క్షారగుణము హెచ్చును. ఎండయు గాలియు తోడైనచో అమోనియా పైకెగిరిపోవును. ఒక్కొక్కప్పుడు ఈ నష్టము చల్లిన నత్రజనిలో పావువంతును మించుట కలదు. అనగా నాలుగు సంచులు కొన్న రైతు ఒక సంచిని గాలికి ధారపోసినట్లే.

ఎగిరినది అంతటితో పోదు. బొగ్గు పొగవలన గంధకామ్లము, వాహనముల పొగవలన నత్రికామ్లము గాలిలో పుట్టుచున్నవి. అమోనియా వానితో కలిసి, కళాయి పొగవలెనే సూక్ష్మరేణువు లగును. 2.5 మైక్రాన్లకు లోబడిన ఈ రేణువులు ఊపిరితిత్తుల లోతులకు చొచ్చుకొనిపోయి శ్వాసకోశమునకు, గుండెకు చేటు తెచ్చును. గాలివాటున దూరము పయనించి, తుదకు వానతోను, పొడిగను నేలకు దిగును. ఎరువు కోరు చేనికి అది మేలే. ఎరువు నెరుగని గుట్టలకు, అడవులకు, చెరువులకు కీడు. నేల పులియును, చెరువులలో పాచి పెరుగును. మన మసాలాలో వాడు రాతిపువ్వు జాతివానిలో అనేకము అమోనియాకు తాళలేక నశించును. దట్టముగ పశువులను పెంచు నెదర్లాండ్సులో ఈ సమస్య ముదిరి, 2019లో అచ్చటి ఉన్నత న్యాయపీఠము తీర్పుతో అనేక నిర్మాణముల అనుమతులు నిలిచిపోయెను.

మన దేశమున 2009 నాటి వాయుప్రమాణములలో అమోనియాకును హద్దు కలదు: ఘనమీటరు గాలిలో దినమునకు 400, సంవత్సరపు సగటున 100 మైక్రోగ్రాములు. 2015లో యూరియాకు వేపపూత తప్పనిసరి యయ్యెను. అది నేలలో యూరియా నైట్రేటుగా మారుటను మందగింపజేయును గాని, పైకెగురు అమోనియాకు పూర్తి విరుగుడు కాదు.

విరుగుడు చాలవరకు రైతు చేతిలోనే కలదు. మడిలో నీరు తీసి, ఎరువు చల్లి బురదలో కలియబెట్టి, పిదప నీరు పెట్టవలెను. ఒక్కమారుగాక పైరు అవసరమునుబట్టి విడతలుగ వేయవలెను. పెంటకుప్పపై మట్టి కప్పవలెను. గొర్రెల మంద కట్టిన చేనిని ఆలస్యము లేక దున్నవలెను. ఇందులో పెద్దలెరిగిన పద్ధతులే ఎక్కువ. ఎరువు దొరకని కాలమున వారు పెంటను పొదుపుగ కాపాడిరి. ఎరువు దొరకుచున్న కాలమున ఆ పొదుపు మనము మరువరాదు. నేలలో నిలిచిన ప్రతి పిడికెడును రైతుకు గింజ యగును, పసిబిడ్డకు మంచి ఊపిరి యగును.