కూలడం, కూల్చడం

2007 సెప్టెంబరు 9, ఆదివారం సాయంత్రం. వాన పడుతోంది. పంజగుట్టలో ఇంకా కడుతూ ఉన్న ఫ్లైఓవర్‌లో కొంత భాగం కింద వెళ్తున్న వాహనాల మీద పడింది. మనుషులు పోయారు. లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లు జరిగి అప్పటికి పదిహేను రోజులు. రెండు రోజుల తర్వాత, సెప్టెంబరు 11న, ఎరిన్ కాటో అనే గేమ్ ప్రోగ్రామర్ తను రాసిన ‘బాక్స్ టూడీ’ అనే ఫిజిక్స్ ఇంజిన్‌ని అందరూ వాడుకునేలా సోర్స్ కోడ్‌తో సహా ఇంటర్నెట్‌లో పెట్టాడు.

రెంటికీ ఏ సంబంధమూ లేదు. తేదీలు పక్కపక్కన పడ్డాయంతే. అయినా భవనాలు కూల్చే ఆటల గురించి రాద్దామని కూర్చుంటే నాకు ముందుగా ఈ రెండు తేదీలే కనబడ్డాయి. మన భాషలో కూలడం వేరు, కూల్చడం వేరు. ఒక్క అక్షరం తేడా. ఆ ఆటలన్నీ రెండోదాని గురించే.

బాక్స్ టూడీ ఫ్లాష్‌లోకి కూడా వచ్చాక ఇలాంటి ఆటలు చేయడం తేలికైపోయింది. క్రష్ ద క్యాజిల్, డిమాలిషన్ సిటీ లాంటివి బ్రౌజర్‌లో వరదలా వచ్చిపడ్డ కాలం అది. అమీర్‌పేటలో మైత్రీవనం పక్క సందుల్లో జావా, డాట్ నెట్, టెస్టింగ్ బోర్డుల మధ్య ఫ్లాష్ నేర్పుతామనే బోర్డులూ వేలాడేవి. కోర్సు మెటీరియల్ జిరాక్సులు ఒక చేతిలో, నెట్ సెంటర్‌లో మౌస్ ఇంకో చేతిలో. 2009 డిసెంబరులో యాంగ్రీ బర్డ్స్ వచ్చి ఈ సరదాని ఫోన్లలోకి తీసుకుపోయింది. దాని లోపల నడిచేది కూడా బాక్స్ టూడీయే. 2011లో ఒక సభలో కాటో లేచి, ‘మీరు వాడిన ఇంజిన్ ఏది? దాన్ని రాసినవాడి పేరు వేస్తారా?’ అని ఆ కంపెనీ వాళ్లని అడిగాడు. ఓపెన్ సోర్స్ రాసేవాళ్ల బతుకు అంతే అనుకోండి.

కూల్చే ఆట పద్ధతి మీకు తెలిసిందే. ఒక భవనం ఉంటుంది. చేతికి నాలుగైదు బాంబులిస్తారు. ఎక్కడ పెట్టాలో ఆలోచించి, పెట్టి, మీట నొక్కాలి. శిథిలం ఒక గీత కిందికి దిగాలి, పక్కనున్న ఇల్లు చెడకూడదు. నిజం ఇంప్లోజన్ కూడా దాదాపు ఇంతే, అందుకే ఈ ఆటల్ని తీసిపారేయలేం. పేలుడు పదార్థం భవనాన్ని ముక్కలు చేయదు. కింది అంతస్తుల స్తంభాల్ని, మధ్యలో కొన్ని మిల్లీ సెకన్ల ఎడంతో, వరసగా తెంచుతుంది. మిగతా పని అంత ఎత్తున కూర్చున్న బరువే చేసుకుంటుంది. 2022 ఆగస్టు 28న నోయిడా జంట టవర్లకి వాడింది దాదాపు 3,700 కిలోలు. 2023 సెప్టెంబరులో మన మాదాపూర్ మైండ్‌స్పేస్‌లో రెండు భవనాల్ని ఇలాగే దించారు. ఆ వీడియోలు చూస్తుంటే ఆట గుర్తొస్తుంది, ఆట ఆడుతుంటే ఆ వీడియోలు గుర్తొస్తాయి.

తేడా ఇంజిన్ లోపల ఉంది. బాక్స్ టూడీకి ప్రతి దూలమూ వంగని, పగలని ఒక గట్టి దిమ్మ. రెండు దిమ్మల్ని కలిపే అతుకు మీద ఎంత బలం పడుతోందో సెకనుకి మామూలుగా అరవైసార్లు లెక్క కడుతుంది. ఆ బలం ఆట రాసినవాడు పెట్టిన హద్దు దాటితే అతుకు తెగుతుంది. ఏదీ కదలకపోతే, లెక్క ఆదా చేయడానికి దిమ్మల్ని నిద్రపుచ్చుతుంది. అవును, కోడ్‌లో దాని పేరు కూడా నిద్రే. ఏదైనా వచ్చి తగిలేదాకా ఆ భవనం గురించి ఇంజిన్ మళ్లీ ఆలోచించదు. ఒక ప్రోగ్రామర్‌గా ఇది నాకు భలే తెలివైన ఏర్పాటు. హైదరాబాద్‌లో బతికేవాడిగా చూస్తే మాత్రం ఇందులోనే అబద్ధం ఉంది. నిలబడి ఉన్న కాంక్రీటు ఎప్పుడూ నిద్రపోదు. పోసిన రోజు ఒక బలం, వారానికి ఒక బలం, నెలకి ఒక బలం. పగుళ్లలోంచి నీళ్లు దిగుతాయి, లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, పెచ్చులు వదులవుతాయి.

2019 సెప్టెంబరు 22. మళ్లీ ఆదివారం, మళ్లీ వాన. అమీర్‌పేట మెట్రో స్టేషన్ కింద తలదాచుకున్న ఒక యువతి మీద పైనుంచి పెచ్చు ఊడిపడింది. ఆమె చనిపోయింది. స్టేషన్‌కి ఏమీ కాలేదు. కూల్చే ఆటలో స్కోరు వేస్తే అక్కడ ఏమీ జరగనట్టే లెక్క, గీత దాటి ఒక్క దిమ్మా కదల్లేదు కదా.

రెండూ ఒకేచోట చూడాలంటే చెన్నై పక్కన మౌలివాక్కం పోవాలి. ఒకే ప్రాజెక్టు, రెండు పదకొండంతస్తుల టవర్లు, పేరు ట్రస్ట్ హైట్స్. 2014 జూన్ 28న ఒకటి పనివాళ్లు లోపల ఉండగా దానంతటదే కూలింది. 61 మంది పోయారు. వాళ్లలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పనికి వెళ్లినవాళ్లు. రెండోదాన్ని 2016 నవంబరు 2న, చుట్టుపక్కల ఇళ్లన్నీ ఖాళీ చేయించి పేలుడుతో కూల్చారు. క్షణాల్లో అయిపోయింది. ఆ రెండో టవర్‌ని నేను ఒక వారాంతంలో గేమ్ లెవెల్‌గా రాసిపెట్టగలను. స్తంభాలు, మీట, దుమ్ము, పక్కింటి గోడకి కొన్ని పాయింట్లు. మొదటి టవర్‌ని ఎలా రాయాలో తెలియదు. అందులో మీట నొక్కేవాడు లేడు. లోపల మనుషులున్నారు.

2020 చివర్లో ఫ్లాష్ ఆగిపోయింది. ఆ ఆటలు చాలావరకు పోయాయి, కొన్ని ఎమ్యులేటర్ల పుణ్యమా అని మళ్లీ నడుస్తున్నాయి. వీటికంటే ముందే, 2000లో, అలెక్స్ ఆస్టిన్ ‘బ్రిడ్జ్ బిల్డర్’ అనే ఆట చేశాడు. అందులో కూల్చే పని లేదు. మనం వంతెన గీస్తాం, దానిమీద రైలు పోతుంది, మన లెక్క తప్పితే తెగిపోతుంది. నా ఓటు దానికే. కూలడానికి దగ్గరగా వచ్చిన ఆట అది. అక్కడ కూడా గీత గీయగానే వంతెన మొత్తం గాల్లో తయారై ఉంటుంది. కాంక్రీటు ఆరేదాకా మోసే జాకీలు, పలకలు, కింద నిలబడి వాటిని బిగించే సెంట్రింగ్ మేస్త్రీ, ఆ కిందనుంచే పోతున్న ట్రాఫిక్, ఇవేవీ ఉండవు. సెంట్రింగ్ ఉన్న ఆట నాకింకా ఎక్కడా తగల్లేదు.