తార పంపే చెయ్యి, అందుకొనే చెవి

సోలాపురం తూర్పు భాగాన మన పద్మశాలి పేటలలో టెలిగ్రామును 'తార' అనే అనేవారు. మరాఠీ సోదరుల నుండి మనకు వచ్చిన మాట అది. తారవాడు గుమ్మం ముందు నిలిచినాడంటే, కాగితం విప్పకముందే లోపల ఏడుపు మొదలయ్యేది. కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ పల్లెల నుండి బ్రతుకుతెరువుకు వచ్చినవారికి సుఖవార్తలు కార్డు మీద తీరికగా వచ్చేవి. చావుకబురు తారలో వచ్చేది. ఆ ఇంగ్లీషు ముక్కలు చదివిపెట్టేవాని కోసం వీధి వీధి తిరగవలసి వచ్చేది. అయితే ఆ నాలుగు మాటలు తీగ వెంట తప్పు లేకుండా ఎట్లు వచ్చేవో ఆలోచించినవారు మనలో తక్కువ.

మన దేశంలో తంతి 1851లో కలకత్తా, డైమండ్ హార్బరుల నడుమ మొదలై, 1855లో ప్రజలకు అందినది. సోలాపురానికి రైలు 1860లో వచ్చినది. మోర్సు పద్ధతిలో ఒక ఊరి గుమాస్తా మీట నొక్కుతుంటే, మరొక ఊరి గుమాస్తా ఆ టకటకలను చెవితో విని వ్రాసుకొనేవాడు.

దాని లెక్క చూడండి. చుక్క ఒక పాలైతే గీత మూడు పాళ్లు. అక్షరాల నడుమ మూడు పాళ్ల మౌనం, మాటల నడుమ ఏడు. ఒక చుక్క 'ఈ' అక్షరం, ఒక గీత 'టీ' అక్షరం. తొందరలో నడిమి మౌనాన్ని మింగితే రెండూ కలిసి 'ఏ' అయి కూర్చుంటుంది! నిమిషానికి 12 మాటల వేగంలో ఒక చుక్క సెకనులో పదవ వంతు మాత్రమే.

అభిరుచి కొద్దీ రేడియో నడిపే 'హామ్' సోదరులకు ఈ చిక్కు బాగా తెలుసు. 1978 నాటి మన నిబంధనలలో మొదటి గ్రేడుకు నిమిషానికి 12 మాటలు, రెండవ గ్రేడుకు 5 మాటలు పంపడంలోను, అందుకోవడంలోను పరీక్ష ఉండేది. రెండూ వేరువేరు విద్యలు. పంపేవానికి తరువాత ఏ అక్షరం రానున్నదో ముందే తెలుసు, వినేవానికి తెలియదు. అందుచేత కొత్తవాని చెయ్యి తరచుగా చెవిని మించి పరుగెత్తుతుంది. అతడు 15 మాటల వేగంతో పిలిస్తే అవతలివాడు, ఇతడు ఘనుడే అనుకొని, అదే వేగంతో బదులిస్తాడు. 8 మాటలకు మించి అందుకోలేని మనవాడు కలం పట్టుకొని బిక్కమొగం వేస్తాడు. చేతితో నాడె విసిరే పాత మగ్గం మీద కూర్చున్న వారికి ఇది చెప్పనక్కరలేదు: ఒక చెయ్యి విసరాలి, రెండవ చెయ్యి అందుకోవాలి, విసురు ఎక్కువైతే నాడె నేల మీద పడుతుంది.

అందుకే ఎంత వేగం వినగలవో అంతే వేగంతో పిలువుమని పెద్దలు కొత్తవారికి చెబుతారు. నేర్చుకొనేటప్పుడు అక్షరాన్ని చురుకుగా మ్రోగించి, నడిమి మౌనాన్ని మాత్రం సాగదీసే ఫార్న్స్‌వర్త్ పద్ధతి ఉన్నది. చుక్కలను లెక్కపెట్టే దురలవాటు దానితో పోతుందట; మాకు అది సమంజసంగానే తోస్తున్నది.

మన హైదరాబాదులోనే 1983లో జాతీయ అమెచ్యూరు రేడియో సంస్థ వెలసినది. 2003లో ప్రపంచ రేడియో మహాసభ, మోర్సు పరీక్ష పెట్టాలా వద్దా అన్నది ఆయా దేశాల ఇష్టానికి విడిచినది. 2013 జూలైలో ప్రభుత్వపు తార సేవ ఆగిపోయినది. హాములు మాత్రం మీట వదలలేదు. వినేవాడు వెనుకబడితే 'క్యూ ఆర్ ఎస్' అని మూడక్షరాలు పంపుతాడు. నెమ్మదిగా పంపుమని దాని అర్థం. ఎంతటి వేగగాడైనా అది వినగానే చెయ్యి తగ్గించి, వదలిపోయిన మాట మళ్లీ మొదటి నుండి పంపుతాడు.